గిటార్ డిలే పెడల్: అనలాగా, డిజిటలా? తరచుగా అడిగే ప్రశ్నలు

డిలే పెడల్ కొనేవాళ్లు, సొంతంగా కట్టుకునేవాళ్లు తిప్పి తిప్పి ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మొదటి నుంచి చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## కొనే ముందు

అనలాగ్ డిలేకి, డిజిటల్ డిలేకి అసలు తేడా ఏంటి?

రెండూ చేసే పని ఒకటే. మీరు వాయించిన స్వరాన్ని కాసేపు దాచి, తర్వాత మళ్లీ వినిపిస్తాయి. దాచే పద్ధతిలోనే తేడా ఉంది. అనలాగ్ పెడల్ సిగ్నల్‌ను వోల్టేజీగానే, వరుసగా ఉన్న చిన్న చిన్న కెపాసిటర్లలో ఒకదాని నుంచి ఇంకోదానికి జరుపుతుంది. డిజిటల్ పెడల్ అదే సిగ్నల్‌ను అంకెలుగా మార్చి మెమరీలో రాసుకుంటుంది, సమయం రాగానే చదివి మళ్లీ వోల్టేజీగా మారుస్తుంది. కెపాసిటర్ల దారిలో ప్రతి అడుగులో సిగ్నల్ కొంచెం అరుగుతుంది. మెమరీలో ఉన్న అంకె ఎంతసేపున్నా మారదు. అందుకే అనలాగ్ రిపీట్లు ఒకదాని తర్వాత ఒకటి మసకబారుతూ వెనక్కి వెళ్తాయి, డిజిటల్ రిపీట్లు మొదటి స్వరమంత స్పష్టంగా ఉండగలవు.

అనలాగ్ సౌండ్ "వార్మ్"గా ఉంటుందంటారు. నిజమేనా, ఊరికే అంటారా?

నిజమే. అయితే ఆ వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే ఎంచుకోవడం తేలికవుతుంది. అందులో పెద్ద వాటా ఫిల్టర్లది. అనలాగ్ డిలే చిప్‌ను నడిపే క్లాక్ (క్రమం తప్పని విద్యుత్ తాళం) శబ్దం బయటికి వినపడకుండా, చిప్‌కి ముందూ వెనకా హై ఫ్రీక్వెన్సీలను గట్టిగా కోసేస్తారు. చాలా పాత పెడళ్లలో 3 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కలే రిపీట్ల ట్రెబుల్ తగ్గిపోతుంది. దానికి చిప్‌లో పుట్టే కొద్దిపాటి డిస్టార్షన్ తోడవుతుంది. ప్రతి రిపీటూ మళ్లీ అదే దారిలో వెళ్లి వస్తుంది కాబట్టి ఒక్కో చుట్టుకూ ఇంకాస్త మెత్తబడుతుంది. ఇంజనీర్లు ఒక లోపాన్ని కప్పడానికి పెట్టిన ఫిల్టరే సంగీతానికి అమరిపోయింది. రిపీట్లు గిటార్ స్వరానికి అడ్డు రాకుండా దాని వెనక నిలబడతాయి. డిజిటల్ పెడల్‌లోనూ ఫీడ్‌బ్యాక్ (రిపీట్‌ను మళ్లీ లోపలికి పంపే) దారిలో ఇలాంటి ఫిల్టర్ పెడితే చాలావరకు ఇదే గుణం వస్తుంది.

300 మిల్లీసెకన్ల డిలే నాకు సరిపోతుందా?

మీరు రిపీట్లతో ఏం చేయాలనుకుంటున్నారో దాన్నిబట్టి ఉంటుంది. రాకబిల్లీ తరహా స్లాప్‌బ్యాక్‌కి (వెంటనే వచ్చే ఒక్క పొట్టి ఎకో) 80 నుంచి 120 మిల్లీసెకన్లు చాలు. సోలోకి కొంచెం ఒళ్లు రావడానికి 250 నుంచి 350 మధ్య బాగుంటుంది. పాట టెంపోకి కచ్చితంగా పడే రిథమ్ రిపీట్లు కావాలంటే మాత్రం 300 తొందరగా చాలకుండా పోతుంది. 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాటలో క్వార్టర్ నోట్, అంటే ఒక్క బీటే, 500 మిల్లీసెకన్లు. 1981లో వచ్చిన బాస్ (Boss) కంపెనీ అనలాగ్ పెడల్ డీఎం-2 గరిష్ఠంగా 300 దాకా ఇచ్చేది. అదే కంపెనీ 1983లో తెచ్చిన డిజిటల్ పెడల్ డీడీ-2 ఏకంగా 800 దాకా వెళ్లింది. ఆ రెండేళ్ల తేడాలోనే డిజిటల్ ఎందుకు గెలిచిందో అర్థమైపోతుంది. ఇప్పుడు ఎంఎక్స్ఆర్ కార్బన్ కాపీ లాంటి అనలాగ్ పెడళ్లు కూడా 600 దాకా ఇస్తున్నాయి.

మొదటి డిలే పెడల్‌గా ఏది తీసుకోమంటారు?

రిపీట్లు విడివిడి స్వరాలుగా వినపడాలా, వెనక నీడలా ఉంటే చాలా? ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పుకోండి. విడివిడిగా వినపడాలంటే, టెంపోకి పడాలంటే ట్యాప్ టెంపో (తాళం తట్టి డిలే టైమ్ పెట్టుకునే సౌకర్యం) ఉన్న డిజిటల్ తీసుకోండి. నీడ చాలనుకుంటే, నాబ్‌లు చేత్తో తిప్పుతూ వాయించడం ఇష్టమైతే, మూడు నాబ్‌ల అనలాగ్ పెడల్ ఏళ్ల తరబడి విసుగు పుట్టించదు. ఇంకా ఏదీ తేల్చుకోలేకపోతే డిజిటలే తీసుకోమంటాను. అందులో టోన్ నాబ్ ఉంటే రిపీట్లను మసకగా చేసుకోవచ్చు, కానీ అనలాగ్ చిప్ పోగొట్టిన ట్రెబుల్‌ను ఏ నాబ్ తిప్పినా వెనక్కి తేలేం.

డిజిటల్ పెడల్‌లో "అనలాగ్" మోడ్ ఉంటుంది కదా, ఇక నిజం అనలాగ్ ఎందుకు?

మంచి పెడల్‌లో ఆ మోడ్ చాలా దగ్గరగా ఉంటుంది. బ్యాండ్‌తో కలిసి వాయిస్తున్నప్పుడు తేడా పట్టుకోవడం నాకైతే కష్టమే. తేడా తెలిసేది అంచుల దగ్గర: ఫీడ్‌బ్యాక్ పూర్తిగా పెంచినప్పుడు కూత ఎలా ఎదుగుతుంది, టైమ్ నాబ్ గబుక్కున తిప్పితే శబ్దం ఎలా జారుతుంది, గట్టిగా మీటితే రిపీట్ ఎలా నలుగుతుంది. ఆ అంచుల్లోనే ఎక్కువగా ఆడుకునేవాళ్లు నిజం అనలాగ్ కొనడం సబబే. మిగతావాళ్లకు మోడ్ చాలు.

డిజిటల్ పెడల్ పెడితే నా గిటార్ సౌండ్ మొత్తం డిజిటల్ అయిపోతుందా?

అవ్వాలనేం లేదు. చాలా డిజిటల్ డిలేలలో మీ అసలు సిగ్నల్ అనలాగ్ దారిలోనే నేరుగా వెళ్తుంది, రిపీట్లు మాత్రమే అంకెలుగా మారి తిరిగొచ్చి చివర్లో కలుస్తాయి. దీన్నే అనలాగ్ డ్రై త్రూ అంటారు. మల్టీ ఎఫెక్ట్ యూనిట్లలో మాత్రం సాధారణంగా మొత్తం సిగ్నలూ కన్వర్టర్ల గుండానే పోతుంది. ఈ విషయం మాన్యువల్‌లో రాసి ఉంటుంది, కొనే ముందు చూసుకోండి.

## లోపల ఏం జరుగుతుంది

బీబీడీ చిప్ అంటే ఏంటి? ఎలా పనిచేస్తుంది?

బకెట్ బ్రిగేడ్ డివైస్ అనే పేరుకి పొట్టి రూపం బీబీడీ. 1969లో ఫిలిప్స్ పరిశోధనశాలలో శాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు దీన్ని రూపొందించారు. నిప్పు ఆర్పడానికి జనం వరుసగా నిలబడి నీళ్ల బకెట్లు చేతులు మార్చినట్టు, చిప్ లోపల వేల కెపాసిటర్లు తమ దగ్గరున్న ఛార్జ్‌ను పక్కదానికి అందిస్తాయి. ఎప్పుడు అందించాలో క్లాక్ చెబుతుంది. పక్కపక్కనున్న రెండు కెపాసిటర్లు ఒకేసారి నిండుగా ఉండకూడదు కాబట్టి క్లాక్ రెండు ఫేజుల్లో నడుస్తుంది. ఒకటి ఇస్తున్నప్పుడు ఇంకోటి తీసుకుంటుంది. అందువల్ల 4096 స్టేజీల చిప్‌లో ఏ క్షణంలోనైనా ఉండేది 2048 శాంపిళ్లే.

డిలే ఎంతో లెక్కకట్టడం సులువు: స్టేజీల సంఖ్యను క్లాక్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపుతో భాగించాలి. ఎంఎన్3005 అనే బీబీడీ చిప్‌లో 4096 స్టేజీలున్నాయి. క్లాక్ 10 కిలోహెర్ట్జ్ అయితే 204.8 మిల్లీసెకన్లు, 100 కిలోహెర్ట్జ్ అయితే 20.48 మిల్లీసెకన్లు వస్తాయి. కోరస్ పెడళ్లలో కనిపించే ఎంఎన్3007లో 1024 స్టేజీలే ఉంటాయి, ఎందుకంటే కోరస్‌కి అంత చిన్న డిలే చాలు.

ఇంకో మాట. బీబీడీలో వోల్టేజీ అంకెగా మారదు గానీ, కాలం మాత్రం ముక్కలవుతుంది. అంటే శాంప్లింగ్ ఇక్కడా ఉంది. "అనలాగ్ కాబట్టి శాంప్లింగే ఉండదు" అని తరచూ వినిపించే మాట సరికాదు.

అనలాగ్ పెడల్‌లో టైమ్ పెంచేకొద్దీ రిపీట్లు ఎందుకు మొద్దుబారతాయి, నాయిస్ ఎందుకు పెరుగుతుంది?

చిప్‌లో స్టేజీల సంఖ్య మారదు. డిలే పెంచాలంటే క్లాక్‌ను నెమ్మది చేయడం ఒక్కటే దారి. ఒక్క 4096 స్టేజీల చిప్‌తో 300 మిల్లీసెకన్లు కావాలంటే క్లాక్ సుమారు 6.8 కిలోహెర్ట్జ్‌కి దిగాలి. శాంప్లింగ్ సూత్రం ప్రకారం అందులో సగం కంటే పైనున్న ఫ్రీక్వెన్సీలను సరిగ్గా మోయలేం, అంటే సుమారు 3.4 కిలోహెర్ట్జ్ దగ్గర హద్దు పడిపోతుంది. పైగా 6.8 కిలోహెర్ట్జ్ మన చెవికి బాగా వినపడే శబ్దం, దాన్ని కూడా ఫిల్టరే ఆపాలి. అందుకని డిజైనర్ ఫిల్టర్‌ను కిందకి దించుతాడు, ట్రెబుల్ పోతుంది. కెపాసిటర్లలో ఛార్జ్ ఎక్కువసేపు ఆగాల్సి రావడంతో లీకేజీ, నాయిస్ కూడా పెరుగుతాయి. ట్రెబుల్ పోకుండా ఎక్కువ డిలే కావాలంటే చిప్‌లు వరుసగా పెంచుకుంటూ పోవాలి, దాంతో ఖర్చు, నాయిస్ రెండూ పెరుగుతాయి.

సర్క్యూట్‌లో ఎన్ఈ570 అనే కంపాండర్ కనపడుతోంది. అది తీసేస్తే ఏమవుతుంది?

హిస్ భరించలేనంతగా వినపడుతుంది. బీబీడీ చిప్‌కి సొంత నాయిస్ ఎక్కువ. అందుకే సిగ్నల్ లోపలికి వెళ్లే ముందు దాని హెచ్చుతగ్గులను 2:1గా కుదించి, బయటికొచ్చాక 1:2గా విప్పుతారు. మెల్లని స్వరాలు కూడా చిప్ గుండా గట్టిగా వెళ్తాయి కాబట్టి నాయిస్ అడుగున ఉండిపోతుంది. విప్పేటప్పుడు అది ఇంకా తగ్గుతుంది. రిపీట్ల తోకల్లో వినిపించే చిన్న ఊపిరి లాంటి కదలిక కంపాండర్ చలవే. చాలామంది ఇష్టపడే పాత డిలేల స్వభావంలో దానికీ వాటా ఉంది.

డిజిటల్‌లో 12 బిట్, 24 బిట్ అంటారు. చెవికి తెలుస్తుందా?

ఒక్కో బిట్‌కి సుమారు 6 డెసిబెల్స్ లెక్క. 12 బిట్లంటే దాదాపు 72, 16 బిట్లంటే 96 డెసిబెల్స్ పరిధి. డీడీ-2 లాంటి తొలి తరం పెడళ్లు 12 బిట్లవే. రిపీట్లు మెల్లగా అణగిపోయే చివరి భాగంలో వాటి గరుకుదనం కొంచెం వినపడుతుంది. 16 దాటాక గిటార్ డిలేలో బిట్ల సంఖ్య గురించి టెన్షన్ అక్కర్లేదు. కన్వర్టర్ ముందున్న అనలాగ్ భాగం ఎంత శుభ్రంగా ఉంది, రిపీట్లకు ఏ ఫిల్టర్ పెట్టారు అన్నవి అంతకంటే ముఖ్యం.

పీటీ2399 అనలాగా, డిజిటలా?

డిజిటలే. ప్రిన్స్‌టన్ టెక్నాలజీ కంపెనీ చేసిన ఈ చిప్ లోపల కన్వర్టర్లు, 44 కిలోబిట్ల మెమరీ ఉన్నాయి. అసలు కరావోకే యంత్రాల ఎకో కోసం పుట్టింది. టైమ్ పెంచితే దీని క్లాక్ కూడా నెమ్మదించి రిపీట్లు గరుకుగా మారతాయి, చుట్టూ లో పాస్ ఫిల్టర్లు ఉంటాయి. కాబట్టి ప్రవర్తన బీబీడీని గుర్తుచేస్తుంది. దీన్ని వాడి "అనలాగ్ డిలే" అని అమ్మే పెడళ్లు ఉన్నాయి. సౌండ్ నచ్చితే కొనుక్కోండి, పేరు చూసి మాత్రం కొనకండి.

## సొంతంగా కట్టేటప్పుడు

మొదటిసారి డిలే కడుతున్నాను. ఏ చిప్‌తో మొదలుపెట్టాలి?

పీటీ2399తో. ఒక్క చిప్, ఒక ఆప్ ఆంప్ (సిగ్నల్ పెంచే చిన్న చిప్), 5 వోల్టుల రెగ్యులేటర్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు ఉంటే పనైపోతుంది. ట్రిమ్ పాట్లు (పెడల్ లోపల స్క్రూడ్రైవర్‌తో తిప్పేవి) సెట్ చేసే బాధ ఉండదు. ఆరో పిన్ నుంచి గ్రౌండ్‌కి ఉన్న రెసిస్టెన్సే డిలే టైమ్‌ను నిర్ణయిస్తుంది. సుమారు 30 నుంచి 340 మిల్లీసెకన్ల దాకా శుభ్రంగా వస్తుంది, ఆపైన నాయిస్ పెరుగుతూ పోతుంది. మూడో పిన్ అనలాగ్ గ్రౌండ్, నాలుగోది డిజిటల్ గ్రౌండ్. రెండింటి దారులు విడిగా తెచ్చి రెగ్యులేటర్ దగ్గర ఒక్కచోట కలిపితే క్లాక్ నాయిస్ చాలా తగ్గుతుంది.

బీబీడీకి కంపాండర్, క్లాక్ డ్రైవర్, గట్టి ఫిల్టర్లు, సెట్టింగులు అన్నీ కావాలి. అది రెండో ప్రాజెక్ట్‌గా పెట్టుకోండి. ప్రోగ్రామింగ్ ఇష్టమైతే స్పిన్ సెమీకండక్టర్ వాళ్ల ఎఫ్‌వీ-1 అనే డిజిటల్ చిప్ చూడొచ్చు. దానికి 32,768 శాంపిళ్ల మెమరీ ఉంది, 32.768 కిలోహెర్ట్జ్ క్రిస్టల్‌తో సరిగ్గా ఒక సెకను డిలే వస్తుంది.

సర్క్యూట్‌లో ఎంఎన్3005 అడిగారు, నా దగ్గర ఎంఎన్3205 ఉంది. పెట్టేయొచ్చా?

నేరుగా పెట్టకండి. రెండింటిలోనూ 4096 స్టేజీలే ఉన్నా, ఎంఎన్3005 పీ ఛానెల్ చిప్, దాదాపు 15 వోల్టులకు తయారైంది. ఎంఎన్3205 ఎన్ ఛానెల్, తక్కువ వోల్టేజీ చిప్. సప్లై ధ్రువాలు, బయాస్ (చిప్‌కి ఇచ్చే స్థిర వోల్టేజీ) అన్నీ మారతాయి. క్లాక్ డ్రైవర్ కూడా వేరే: మొదటి కుటుంబానికి ఎంఎన్3101, రెండోదానికి ఎంఎన్3102. మీ దగ్గరున్న చిప్‌కి సరిపోయే సర్క్యూట్‌నే వెతుక్కోండి. అసలు ప్యానసానిక్ చిప్‌ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు కూల్ ఆడియో వాళ్ల వీ3205, ఎక్స్‌వైవ్ వాళ్ల ఎంఎన్3005 లాంటి కొత్త తయారీలు ఉన్నాయి. పాత స్టాక్ పేరుతో నకిలీలూ తిరుగుతుంటాయి కాబట్టి బీబీడీకి ఎప్పుడూ సాకెట్ పెట్టండి, సోల్డర్ చేసేయకండి.

బీబీడీ పెడల్ కట్టాను, రిపీట్లు చిరిగినట్టు వినపడుతున్నాయి. ట్రిమ్ పాట్లు ఎలా సెట్ చేయాలి?

ముందు బయాస్ చూడండి. బీబీడీ ఒక చిన్న వోల్టేజీ కిటికీలోనే శుభ్రంగా పనిచేస్తుంది, బయాస్ ట్రిమ్ సిగ్నల్‌ను ఆ కిటికీ నడిమికి తెస్తుంది. ఫీడ్‌బ్యాక్ పూర్తిగా తగ్గించి, మిక్స్ పెంచి, గట్టిగా ఒక్కో స్వరం మీటుతూ ట్రిమ్‌ను నెమ్మదిగా తిప్పండి. ఒక చివర రిపీట్ అసలు ఉండదు, తర్వాత చిరుగుతూ వస్తుంది, మధ్యలో శుభ్రపడుతుంది, మళ్లీ చిరుగుతుంది. శుభ్రంగా ఉన్న ప్రాంతం నడిమిలో ఆపండి. ఆసిల్లోస్కోప్ ఉంటే సిగ్నల్ పెంచి, పైనా కిందా సమానంగా కత్తిరించుకునే చోట ఆపండి.

చిప్ రెండు అవుట్‌పుట్లను కలిపే బ్యాలెన్స్ ట్రిమ్ ఉంటే, ఏమీ వాయించకుండా క్లాక్ శబ్దం అతి తక్కువయ్యే చోట పెట్టండి. గరిష్ఠ డిలే టైమ్ ట్రిమ్ చివర్లో చూసుకోండి. అక్కడ ఆశకు పోయి క్లాక్‌ను మరీ తగ్గిస్తే ఈల మొదలవుతుంది.

పీటీ2399 పెడల్ కొన్నిసార్లు ఆన్ చేయగానే రిపీట్లు రావు. తీసి మళ్లీ పెడితే వస్తాయి. ఎందుకు?

కరెంట్ వచ్చిన మొదటి క్షణంలో ఆరో పిన్ దగ్గర రెసిస్టెన్స్ మరీ తక్కువగా, సుమారు 2 కిలోఓమ్‌ల కంటే కిందకి ఉంటే ఈ చిప్ బిగుసుకుపోవచ్చు. టైమ్ నాబ్ కనిష్ఠంలో పెట్టి ఆన్ చేసినప్పుడే ఇలా జరుగుతుందేమో గమనించండి. నాబ్‌కి వరుసలో 2.2 లేదా 2.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెడితే సమస్య పోతుంది. దానివల్ల అతి చిన్న డిలేలు కొంచెం పోతాయి, ఎకో వాడకానికి అది నష్టమే కాదు.

## వాయించేటప్పుడు

డిలే డిస్టార్షన్‌కి ముందు పెట్టాలా, తర్వాత పెట్టాలా?

తర్వాత పెట్టండి. ముందు పెడితే రిపీట్లూ కొత్త స్వరాలూ కలిసి డిస్టార్షన్‌లోకి వెళ్లి ఒకదాన్నొకటి తినేస్తాయి, అణగిపోవాల్సిన రిపీట్లు కూడా గట్టిగా పైకొస్తాయి. డిస్టార్షన్ ఆంప్‌లోనే తీసుకుంటుంటే డిలేను ఎఫెక్ట్స్ లూప్‌లో (ఆంప్ డిస్టార్షన్ తర్వాత పెడళ్లు కలిపే జాక్‌లు) పెట్టాలి. లూప్ ప్యారలల్ అయితే (అసలు సిగ్నల్ పక్కనుంచి విడిగా వెళ్తుంటే) పెడల్ మిక్స్‌ను పూర్తిగా వెట్ (రిపీట్లు మాత్రమే) చేయండి. కొంచెం గెయిన్ ఉన్న ఆంప్ ముందు అనలాగ్ డిలే మాత్రం భలే ఉంటుంది. రిపీట్లలో ట్రెబుల్ లేకపోవడం వల్ల గందరగోళం తక్కువ.

పాట టెంపోకి డిలే ఎంత పెట్టాలి?

60,000ను బీపీఎంతో భాగిస్తే క్వార్టర్ నోట్ మిల్లీసెకన్లలో వస్తుంది. అందులో సగం ఎయిత్ నోట్, ముప్పావు వంతు డాటెడ్ ఎయిత్. 100 బీపీఎంకి 600, 300, 450. 120 బీపీఎంకి 500, 250, 375. ట్యాప్ టెంపో ఉన్న అనలాగ్ పెడళ్లలో లోపల ఒక మైక్రోకంట్రోలర్ క్లాక్‌ను సరిచేస్తుంది, మీ సిగ్నల్ మాత్రం బీబీడీ దారిలోనే పోతుంది.

టైమ్ నాబ్ తిప్పుతుంటే పిచ్ జారుతోంది. పెడల్ పాడైందా?

లేదు. బీబీడీలో, పీటీ2399లో టైమ్ నాబ్ తిప్పితే క్లాక్ వేగం మారుతుంది. అప్పటికే లోపలున్న స్వరం వెళ్లిన వేగంతో కాకుండా కొత్త వేగంతో బయటికొస్తుంది కాబట్టి పిచ్ మారుతుంది. ఈ గుణాన్నే మెల్లగా ఊపితే కోరస్, వైబ్రాటో వస్తాయి. డీలక్స్ మెమరీ మ్యాన్ అనే అనలాగ్ పెడల్ పేరు తెచ్చుకున్నది ఆ ఊపుతోనే. కొన్ని డిజిటల్ పెడళ్లు పాత సమయం నుంచి కొత్తదానికి ఫేడ్ అవుతూ మారతాయి, వాటిలో పిచ్ జారదు.

ఫీడ్‌బ్యాక్ పూర్తిగా పెంచితే ఆగకుండా కూత పెడుతోంది. ఏదైనా కాలిపోతుందా?

పెడల్‌కి ఏమీ కాదు. ప్రతి చుట్టులో సిగ్నల్ తగ్గకుండా తిరిగొస్తే అది పెరుగుతూనే ఉంటుంది. దాన్ని సెల్ఫ్ ఆసిలేషన్ అంటారు. జాగ్రత్త పడాల్సింది చెవులకు, స్పీకర్లకు. హెడ్‌ఫోన్‌లో వింటూ మాత్రం ఇది చేయకండి.

పెడల్ ఆఫ్ చేయగానే ఎకో టక్కున తెగిపోతోంది. మెల్లగా ఆగేలా చేయొచ్చా?

ట్రూ బైపాస్ పెడల్ అయితే తెగడం సహజం, ఎందుకంటే స్విచ్ డిలే అవుట్‌పుట్‌ను దారిలోంచి తప్పించేస్తుంది. ట్రెయిల్స్ సౌకర్యం ఉన్న పెడల్ బఫర్ బైపాస్‌లో (ఆఫ్‌లోనూ సిగ్నల్ పెడల్ సర్క్యూట్ గుండానే పోతుంది) నడుస్తుంది, డిలేలోకి వెళ్లే సిగ్నల్‌ను మాత్రమే ఆపి తోకలను వదిలేస్తుంది. కొన్నింటిలో లోపల చిన్న స్విచ్‌తో దీన్ని మార్చుకోవచ్చు.

## సమస్య వచ్చినప్పుడు

సన్నగా ఈల వినపడుతోంది. ఎక్కడి నుంచి వస్తోంది?

టైమ్ నాబ్ తిప్పి చూడండి. ఈల పిచ్ నాబ్‌తో పాటు మారితే అది ఆ పెడల్ క్లాకే, ఫిల్టర్‌ను దాటి బయటికొస్తోంది. టైమ్ కొంచెం తగ్గించండి, సొంతంగా కట్టినదైతే బ్యాలెన్స్ ట్రిమ్, క్లాక్ తీగల దారి చూడండి. నాబ్ తిప్పినా పిచ్ మారకపోతే పవర్ సప్లైని అనుమానించండి. డిజిటల్ పెడల్ స్విచింగ్ నాయిస్, ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా పోయే తీగ ద్వారా మిగతా పెడళ్లలోకి పాకుతుంది. రెండు బీబీడీ పెడళ్లు ఒకే సప్లై మీద ఉంటే వాటి క్లాక్‌లు కలిసి మూడో ఈలను పుట్టించగలవు. ఈ రెండింటికీ మందు ఒకటే: ఐసొలేటెడ్ అవుట్‌పుట్లున్న పవర్ సప్లై. కొనే ముందు అనుమానమున్న పెడల్‌ను బ్యాటరీ మీద నడిపి చూస్తే విషయం తేలిపోతుంది.

అడాప్టర్ విషయంలో ఏం చూసుకోవాలి?

వోల్టేజీ, ధ్రువం, కరెంట్. పెడల్ మీద 9 వోల్టులని ఉంటే 9 వోల్టులే ఇవ్వండి. ధ్రువం చాలా పెడళ్లకు సెంటర్ నెగెటివ్, అయినా గుర్తు చూసే పెట్టండి. అడాప్టర్ కరెంట్ పెడల్ అడిగినదానికంటే ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువుండకూడదు. చిన్న అనలాగ్ డిలే కొద్ది మిల్లీఆంప్‌లతో సరిపెట్టుకుంటుంది. డీఎస్పీ (సిగ్నల్ లెక్కలు చేసే ప్రాసెసర్) ఉన్న డిజిటల్ పెడల్ వందల్లో అడగొచ్చు, బ్యాటరీ మీద దాన్ని నడపాలనుకోవడం దండగ.

గిటార్ సౌండ్ వస్తోంది, రిపీట్లు మాత్రం అసలు రావట్లేదు. ఎక్కడ వెతకాలి?

డ్రై దారి బాగుంది కాబట్టి జాక్‌లు, స్విచ్, సప్లైలో పెద్ద లోపం లేనట్టే. బీబీడీ పెడల్ అయితే మొదట క్లాక్ ఉందా అని చూడండి, క్లాక్ లేకపోతే ఛార్జ్ కదలదు. ఆసిల్లోస్కోప్ ఉంటే చిప్ క్లాక్ పిన్ల మీద రెండు ఎదురు ఫేజుల స్క్వేర్ వేవ్ కనపడాలి. అది ఉంటే ఆడియో ప్రోబ్‌తో (ఆంప్‌కి కలిపి సిగ్నల్ వినే తీగ) సిగ్నల్ వెంట వెళ్లండి: కంపాండర్ దాకా వస్తోందా, బీబీడీ లోపలికి పోతోందా, బయటికొస్తోందా? లోపలికి వెళ్లి బయటికి రాకపోతే బయాస్ ట్రిమ్ తిప్పి చూశాకే చిప్ మార్చండి. పాత పెడళ్లలో చిప్ చచ్చిపోవడం కంటే బయాస్ జరిగిపోవడమే ఎక్కువ. పీటీ2399 పెడల్ అయితే చిప్‌కి 5 వోల్టులు అందుతున్నాయా, రెండో పిన్ మీద అందులో సగం ఉందా అని మల్టీమీటర్‌తో కొలవండి. రెగ్యులేటర్ పోయి ఉంటే అక్కడే దొరికిపోతుంది.